కొలతలకచ్చినవా బిడ్డా?

కరీంనగర్ కమాన్ నుంచి ఆదిలాబాద్ పత్తి మార్కెట్ దాకా కెమెరాతో ఒక బస్సు ప్రయాణం

కరీంనగర్‌కూ ఆదిలాబాద్‌కూ నడుమ ఒక పట్టణం. పేరు పక్కన పెడదాం, ఆ దారిలో ఏ పట్టణమైనా ఒకటే. పొద్దున ఆరున్నరకు బజారు వెనక గల్లీలో ఒక ఇంటి ఎదుట కెమెరాతో నిలబడ్డాను. గూనపెంకుల ఇల్లు. దాని భుజం మీద చెయ్యేసినట్టు మూడంతస్తుల కొత్త బిల్డింగు. రెంటి నడుమ కరెంటు స్తంభం, దాని నెత్తిన కాకిగూడులా చుట్టుకున్న కేబుల్ వైర్లు. పెంకుల మీదికి ఎండ ఇంకా దిగలేదు. దిగేదాకా ఆగుదామని నేను, నేనేం చేస్తానో చూద్దామని అరుగు మీది పెద్దాయన. చివరికి వేపపుల్ల నమలడం ఆపి ఆయనే అడిగాడు.

"కొలతలకచ్చినవా బిడ్డా?"

కాదు తాతా, ఉత్త ఫోటోకే అన్నాను. నమ్మలేదు. "ముందుగాల ఫోటో తీస్తరు. తర్వాత టేపు వడ్తరు. టేపు వట్టినంక ఎర్రగీత గీస్తరు. గీత గీసినంక..." అంటూ పుల్లను రోడ్డు మీదికి విసిరాడు. ఆ విసురులోనే ఇల్లు కూలిపోయింది.

చార్మినార్ ముందు కెమెరా ఎత్తితే ఎవరూ తల తిప్పరు. గోల్కొండలో ఎత్తితే గైడు వెంటపడతాడు. ఇక్కడ, ఈ ఉత్తర తెలంగాణ పట్టణాల్లో, ఒక మామూలు ఇంటి వైపు కెమెరా తిప్పితే ఇంటివాళ్లకు గుర్తొచ్చేవి మూడే: రోడ్డు వెడల్పు, ఇంటి పన్ను, బ్యాంకు వేలం. అందంగా ఉందని తీస్తున్నామంటే మనల్ని అనుమానంగా చూస్తారు. వాళ్ల అనుమానంలో తప్పేం లేదు. ఈ పట్టణాల్లో ఫోటో తీయదగ్గ ఇల్లంటే దాదాపుగా పోబోయే ఇల్లే.

అందుకే యాత్రకు బయల్దేరేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. కోటలూ గుళ్లూ ఎక్కడికీ పోవు, వాటిని తీయడానికి వందమంది ఉన్నారు. బజారును తీయండి. ఒకే చోట నిలబడి, రెండేళ్లకోసారి.

కమాన్ ముందు ముప్పై ఏళ్లు

నేను కరీంనగర్ కమాన్‌ను మొదటిసారి తీసింది తొంభైల నడుమ, ముప్పై ఆరు ఫ్రేముల రీలుతో. ఆ ఫోటోను ఇప్పుడు బల్ల మీద పెట్టుకుని చూస్తే అందులో కమాన్ కంటే చుట్టుపక్కల ఉన్నవే ఎక్కువ మాట్లాడుతున్నాయి. చేత్తో రాసిన దుకాణం బోర్డులు. కింద మూలలో పెయింటర్ సంతకం. అప్పట్లో ప్రతి పట్టణానికీ అయిదారుగురు 'ఆర్ట్స్'లు ఉండేవారు. కరీంనగర్ అక్షరం వేరు, ఆదిలాబాద్ అక్షరం వేరు. ఆదిలాబాద్ పెయింటరు మరాఠీకీ ఉర్దూకూ కూడా కుంచె పట్టాలి కాబట్టి అతని తెలుగు గుండ్రం కాస్త పలచబడేది. ఫ్లెక్సీ మెషిన్లు వచ్చాక ఊరూరి చేతిరాతా ఒకే కంప్యూటర్ రాత అయింది.

పాత ఫోటోకు తేదీ లేకపోయినా కంగారు లేదు, బోర్డులే చెబుతాయి. ఫోన్ నంబరుకు ఎన్ని అంకెలున్నాయో లెక్కపెడితే చాలు. 0878 కనబడితే కరీంనగర్, 08732 అయితే ఆదిలాబాద్. సెల్ నంబరు లేకపోతే అది ల్యాండ్‌లైన్ల కాలం. పక్కన ఆగిన స్కూటరు నంబరు ప్లేటు ఇంకా మంచి సాక్షి. ఏపీ 15 కరీంనగర్ బండి, ఏపీ 1 ఆదిలాబాద్ బండి. రాష్ట్రం వచ్చాక అవే టీఎస్ 02, టీఎస్ 01 అయ్యాయి. 2024 మార్చి తర్వాత కొన్న బండికి టీజీ. ఇక 2016 అక్టోబర్ 11న జిల్లాలు ముక్కలయ్యాయి. 'జగిత్యాల, జిల్లా కరీంనగర్' అని బోర్డు మీద ఉంటే అది ఆ తేదీకి ముందుదన్నమాట, లేదా దుకాణదారుకు రంగు డబ్బా కొనే తీరిక దొరకలేదన్నమాట. ఆ రెండో రకం బోర్డులు ఇప్పటికీ చాలానే ఉన్నాయి.

ఫ్రేములోంచి స్కూటర్లనూ బోర్డులనూ తప్పించి కమాన్‌ను ఒంటరిగా తీయాలని నేను ఆ వయసులో ఎంత తంటాలు పడ్డానో! తప్పించలేకపోవడమే ఇప్పుడు నా అదృష్టం.

అదే పొరపాటును ఈ తరం ఇంకా సులభంగా చేస్తోంది. వేలితో రాస్తే చాలు, ఫోన్ వైర్లను మాయం చేస్తుంది, చెత్తబండిని తుడిచేస్తుంది. వైర్లు చెరిపిన పట్టణం ఫోటో పెళ్లిచూపులకు పంపిన ఫోటో లాంటిది. మొటిమలుండవు, మనిషీ ఉండదు. కరీంనగర్ టవర్ సర్కిల్‌లో గడియారం మీదికి కెమెరా ఎత్తితే ఏటవాలుగా నాలుగు వైర్లు అడ్డమొస్తాయి. రానివ్వండి. ఈ పట్టణానికి కరెంటు, కేబుల్ టీవీ, ఇంటర్నెట్ ఏ వరసలో వచ్చాయో ఆ వైర్లే చెబుతాయి.

ప్యారిస్‌లో ఒకాయన ఉండేవాడు, యూజీన్ ఆట్జే. పందొమ్మిదో శతాబ్దం ఆఖరు నుంచి 1927లో చనిపోయేదాకా, బరువైన చెక్క కెమెరా, గాజు పలకలు మోసుకుంటూ పాత వీధులనూ దుకాణాలనూ గుమ్మాలనూ వేల కొద్దీ తీశాడు. తనను కళాకారుడని చెప్పుకోలేదు, కళాకారులకు పనికొచ్చే దాఖలాలు అమ్ముకుంటానని గుమ్మానికి బోర్డు పెట్టుకున్నాడు. ఈఫిల్ టవర్ లాంటి గొప్పవాటి జోలికి పెద్దగా పోలేదు. మనకూ అలాంటివాళ్లు లేకపోలేదు. వరంగల్‌కు చెందిన గుడిమల్ల భరత్ భూషణ్ 2022లో కన్నుమూసేదాకా తెలంగాణ ఇళ్లనూ వాకిళ్లనూ బతుకమ్మలనూ తీస్తూనే ఉన్నారు. ఆయన ఫోటోల్లో గోడ ఎప్పుడూ ఉత్త గోడ కాదు, ఎవరో ఒకరు ఆనుకుని లేచి వెళ్లిన గోడ.

ఎండ లెక్క

కరీంనగర్ సుమారు 18.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, ఆదిలాబాద్ 19.7 మీద. ఫోటోగ్రాఫర్‌కు ఈ అంకెలు పంచాంగమంత అవసరం. మే నెల నడుమ కొద్ది రోజుల తేడాతో రెండు చోట్లా మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిలువుగా పాతిన గుంజకు నీడ ఉండదు. జూలై ఆఖరు వారంలో మళ్లీ అదే. ఈ రెంటి నడుమ రోజుల్లో మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరం వైపు ఉంటాడు. ఏడాది పొడుగునా మధ్యాహ్నపు ఎండ ఎరగని ఉత్తరపు గోడకు ఆ కొద్ది వారాలే ఎండ తగులుతుంది. అదీ వానమబ్బులు వదిలితే.

డిసెంబర్ ఆఖరులో లెక్క తిరగబడుతుంది. కరీంనగర్‌లో పన్నెండు గంటలకు కూడా సూర్యుడు 48 డిగ్రీల ఎత్తుకు మించి ఎక్కడు. అంటే రోజంతా ఏటవాలు ఎండే. డంగు సున్నం గిలాబు మీద తాపీ తిరిగిన గుర్తులు, దర్వాజ మీద చెక్కిన తామరలు, గూనపెంకు వంపూ అన్నీ లేచి నిలబడతాయి. వేసవి మధ్యాహ్నం తీస్తే అదే దర్వాజ చూరు నీడలో నల్లగా మునిగిపోతుంది. వేసవిలో ఈ ప్రాంతానికి వచ్చేవాళ్లు తొమ్మిదికల్లా కెమెరా సంచిలో పెట్టి, చల్ల తాగి పడుకోవడం మేలు.

ఇరుకు గల్లీలో మేడను తీయడం ఇంకో చిక్కు. కెమెరా పైకెత్తితే మేడ వెనక్కి వాలిపోతుంది, నిలువు గీతలు పైన దగ్గరపడతాయి. ఇందుకు వేల రూపాయల ప్రత్యేక లెన్సులున్నాయి. నేను వాడేది అంతకంటే చవక. ఎదురింటి తలుపు కొట్టి, మిద్దె మీదికి రానిస్తారా అని అడుగుతాను. మేడ సగం ఎత్తుకు ఎక్కితే గీతలు వాటంతట అవే నిటారవుతాయి. దానికి అయ్యే ఖర్చు ఒక గంట కబుర్లు, రెండు కప్పుల చాయ్. మిద్దె మీంచి చూస్తే రోడ్డు మీద కనబడనివి కూడా కనబడతాయి: కొత్త ముఖద్వారం వెనక ఇంకా బతికున్న పెంకుటిల్లు, నడిమింట్లోకి ఆకాశం దిగే పాత భవంతి, దాని మధ్య తులసి గద్దె. ఈ పట్టణాలకు ముందు ఒక వయసు, వెనక ఒక వయసు.

నక్షత్రం కనబడని కోట

కరీంనగర్‌లో అందరూ తీసే ఫోటో ఇప్పుడు ఒకటే, తీగల వంతెన. 2023 జూన్ 21న తెరిచారు, మానేరు మీద అర కిలోమీటరు పొడవు. రాత్రి రంగుల దీపాల్లో వంతెన మీద నిలబడి సెల్ఫీ తీసుకోనివాళ్లు ఊళ్లో అరుదు. నాకైతే ఆ రంగుల్లో వంతెన ఏ ఊరిదైనా కావచ్చనిపిస్తుంది. పొద్దున్నే కిందికి దిగి, ఒడ్డున బట్టలుతికేవాళ్ల పక్క నుంచి చూడండి. అప్పుడది మానేరు వంతెన.

అదే మానేరు ఒడ్డున, సిరిసిల్ల దారిలో, ఎలగందుల ఖిల్లా. కరీంనగర్ కంటే ముందు జిల్లాకు పెద్ద ఊరు అదే, జిల్లా పేరే ఎలగందుల. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కచ్చేరీలు కరీంనగర్‌కు తరలాక గుట్ట మీద కోట, గుట్ట కింద పల్లె మిగిలాయి. కాకతీయులు మొదలు నిజాంల దాకా అయిదు రాజ్యాలు చూసిన కోట అది. 1754లో జఫరుద్దౌలా కట్టించిన మసీదు మినార్లను గట్టిగా ఊపితే ఊగుతాయని ప్రసిద్ధి. ఊగే మినారును ఫోటోలో ఎలా చూపిస్తారో నాకు ఇప్పటికీ తెలియదు. నేను తీసింది గుట్ట మీంచి కిందికి. జిల్లా కేంద్రం హోదా పోయిన ఊరు ఎలా ఉంటుందో ఆ ఫ్రేములో ఉంది. పొలాలు, నాలుగు దార్లు, తొందర లేని ఒక గేదె.

జగిత్యాల కోటది వేరే తమాషా. నక్షత్రం ఆకారంలో, చుట్టూ కందకంతో 1747లో కట్టారు. నిజాం కొలువులోని ఫ్రెంచి ఇంజినీర్లు జాక్, తాల్ గీసిన ప్లాను అనీ, వాళ్ల పేర్ల మీదే జగిత్యాల అయిందనీ ఊళ్లో చెప్పుకుంటారు. పేరు సంగతి ఎలా ఉన్నా ప్లాను ఫిరంగుల కాలపు యూరప్‌దే. మూలలు పొడుచుకొచ్చిన కోటకు ఏ గోడ దగ్గరికొచ్చిన శత్రువైనా పక్క గోడ నుంచి దొరికిపోతాడు. అయితే నేల మీద నిలబడ్డవాడికి నక్షత్రం కనబడదు. ఎక్కడ నిలబడినా ఒక మూల, రెండు గోడలు, కందకంలో ముళ్లకంప. డ్రోన్ ఎగరేస్తే తప్ప ఆకారం చిక్కదు. 2021 డ్రోన్ నిబంధనలు చదువుకుని, అనుమతి ఉన్న చోటే ఎగరేయాలి. నేను ఎగరేయలేదు. మూల దగ్గర గోళీలాడుతున్న పిల్లలు ఆ నక్షత్రానికి సరైన కొలత అనిపించి వాళ్లతో కలిపి తీశాను.

కోరుట్ల, మెట్‌పల్లి, ఆర్మూర్. బస్సు కిటికీలోంచి ఒకదాని వెంట ఒకటి దొర్లిపోతాయి. రోడ్డుకు రెండువైపులా గాజు అద్దాల షోరూములు, వాటి నడుమ గల్ఫ్ డబ్బుతో లేచిన ఇళ్లు. స్తంభాలు, బాల్కనీలు, పిట్టగోడ మీద సిమెంటు హంసలు, కొన్నిటి మీద ఏకంగా సిమెంటు విమానం. వీటిని చూసి నవ్వే ఆర్కిటెక్టులున్నారు. నేను నవ్వను. దుబాయిలో పన్నెండేళ్లు పరాయి మేడలకు గిలాబు చేసినవాడు సొంతానికి కట్టుకున్న ఇల్లది. ఏ గడీ కంటే తక్కువ చరిత్ర ఉందని దాన్ని వదిలేస్తాం?

ఆర్మూర్ దాటాక సోన్ దగ్గర గోదావరి. కొత్త వంతెన పక్కన నిజాం కాలపు రాతి వంతెన. బస్సు కొత్తదాని మీంచే పోతుంది కాబట్టి పాతదాన్ని పక్క నుంచి చూసే భాగ్యం ఉచితం. ఎడమా కుడా ముందే అడిగి కిటికీ సీటు పట్టుకోవాలి. నిర్మల్‌లో బొమ్మలవాళ్ల దగ్గర పొనికి చెక్క వాసన చూసి, ఊరి చుట్టూ గుట్టల మీది గఢ్‌లలో శ్యామ్‌గఢ్ ఒక్కటీ ఎక్కి దిగాను. ఎండ మించిపోయింది. అక్కడి సగం ఫోటోలు చెత్త. మహబూబ్ ఘాట్ ఎక్కేటప్పుడు నిద్రపోయాను.

తెల్లని పత్తి, బూడిద ఫోటో

ఆదిలాబాద్‌లో మొదటి పొద్దు వణికించింది. శీతాకాలంలో అక్కడ ఉష్ణోగ్రత ఒక అంకెకు దిగడం వింతేమీ కాదు. మార్కెట్ యార్డు ముందు పత్తి బండ్లు రోడ్డు పొడుగునా బారులు తీరి ఉన్నాయి. బండి మీద ఇల్లంత ఎత్తు పత్తి, దాని మీద దుప్పటి కప్పుకుని రైతు. నాకు ఆ క్షణంలో ఆదిలాబాద్ వాస్తు అంటే అదే అనిపించింది. నెలల తరబడి లేచి, నెలల్లో మాయమయ్యే తెల్ల ఊరు.

కొత్తవాళ్లంతా ఇక్కడే దెబ్బతింటారు. కెమెరాలోని మీటరు లోకమంతా నడిమి బూడిద రంగు అనుకుంటుంది. ఎదురుగా అంతా తెలుపే ఉంటే, వెలుగు ఎక్కువైందని తగ్గించేస్తుంది. తెల్లటి పత్తి తడిసిన గోనెసంచిలా వస్తుంది. ఒకటి ఒకటిన్నర స్టాపులు పెంచి తీయాలి. సున్నం గోడలకూ ఇదే లెక్క. మంచు పొద్దున ఇంకో అర స్టాపు.

ఆదిలాబాద్ బోర్డులు చదవడం ఒక విద్య. ఒకే దుకాణానికి తెలుగు, ఉర్దూ, మరాఠీ, పైన ఇంగ్లిష్. పెన్‌గంగ దాటితే మహారాష్ట్ర. బస్టాండులో ఒకడు 'అన్నా' అంటే ఇంకొకడు 'దాదా' అంటాడు, మూడోవాడు గోండిలో ఫోన్ మాట్లాడుతుంటాడు. ఈ ఊరికి సంబంధించి నాకు ఎప్పుడూ వింతగా తోచే విషయం ఒకటుంది. పాత ఆదిలాబాద్ జిల్లాలో ఎనభై ఏళ్ల కింద శ్రద్ధగా ఫోటోల్లోకి ఎక్కిన ఇల్లు పట్నంలోని మేడ కాదు, అడవిలోని గోండు గుడిసె. ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను రెండో ప్రపంచయుద్ధ కాలంలో శత్రుదేశస్తుడని హైదరాబాద్ సంస్థానం దాటకుండా కట్టడి చేశారు. 1940లో జోడేఘాట్‌లో గోండు నాయకుడు కొమురం భీం బలైన తర్వాత హైమన్‌డార్ఫ్ తన భార్య బెట్టీతో కలిసి గోండు గూడేల్లో తిరిగాడు. మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నాడు. వెదురు తడికలు, మట్టి పూత, వాకిలి, పండుగ, మనుషుల ముఖాలు అన్నీ కెమెరాకెక్కించాడు. ఆ చిత్రాలు ఇప్పుడు లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి, దంపతుల సమాధులు మార్లవాయిలో ఉన్నాయి. అదే కాలంలో ఆదిలాబాద్ బజారు ఎలా ఉండేదో చూద్దామంటే నాకు గ్రూపు ఫోటోల వెనక మసకగా కనబడే గోడలే దిక్కయ్యాయి.

తూర్పున బొగ్గు బెల్టు వైపు పోతే కథ ఇంకోలా ఉంటుంది. మందమర్రి, బెల్లంపల్లి క్వార్టర్లు, గని మీది ఇనప చట్రాలు, రామగుండంలో 1971లో మొదలై 2024లో ఆగిపోయిన 62.5 మెగావాట్ల బీ థర్మల్. జర్మనీకి చెందిన బెహర్ దంపతులు దశాబ్దాల పాటు ఇలాంటివే తీశారు, నీళ్ల ట్యాంకులు, కొలుములు, గని చట్రాలు. మబ్బు రోజున, నీడ లేకుండా, ప్రతిదాన్నీ ఎదురుగా నిలబెట్టి తీసేవారు. పక్కపక్కన పేరిస్తే పాస్‌పోర్టు ఫోటోల్లా ఉంటాయి. మన ప్రతి పట్టణంలోనూ ఒక ఓవర్‌హెడ్ ట్యాంకు ఉంది, ఏ రెండూ ఒకలా ఉండవు. ఒక వానాకాలం మబ్బులు ఆ పనికి పెట్టేవాళ్లెవరైనా ఉన్నారా?

ఎవరైనా ఆపితే?

ఆపుతారు. చట్టం మాత్రం మన వైపే ఉంది. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ప్రకారం కట్టడాన్ని ఫోటో తీయడం, దాన్ని అచ్చువేయడం హక్కుల ఉల్లంఘన కాదు. రైల్వే స్టేషన్లు, డ్యాములు, పవర్ ప్లాంట్ల దగ్గర మాత్రం అనుమతి అడగాల్సిందే. కానీ గల్లీలో సెక్షన్ నంబర్లు చెప్పి ఎవరినీ ఒప్పించినట్టు నాకు గుర్తులేదు. తీసినదాన్ని వెనక తెర మీద చూపిస్తాను. "అగో, మా కిటికీ గిట్ల కనవడ్తదా" అంటారు. అంతటితో తగవు తీరుతుంది. ప్రింటు పంపిస్తానంటే పంపాలి. పంపనివాళ్ల వల్లే తర్వాత వచ్చినవాడికి తలుపు తెరుచుకోదు.

నేను ఆ వేపపుల్ల తాతకు ప్రింటు పంపలేదు. చేతికే ఇద్దామని రెండేళ్లకు మళ్లీ ఆ గల్లీకి పోయాను. గల్లీ రోడ్డయింది. ఇంటి ముందర సగం లేదు. అరుగు లేదు, దర్వాజ ఊడదీసి పక్కకు ఆనించి ఉంది. మిగిలిన సగానికి లోపలి గోడే ఇప్పుడు ముఖం. వంటింటి నీలం రంగు, పొగ పట్టిన గూడు, మేకుకు వేలాడే పాత క్యాలెండరు, అన్నీ బజారు వైపు తిరిగి నిలబడ్డాయి. తాత ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాడు. ప్రింటు ఇచ్చాను. అరుగు మీద కూర్చున్న తనను కాసేపు చూసుకుని, మడత పడకుండా జేబులో పెట్టుకున్నాడు.

"ఇటు రా" అని గోడ దగ్గరికి తీసుకుపోయాడు. నీలం సున్నం మీద, నడుమెత్తున, బొగ్గుతో గీసిన గీతలు. నాలుగు నిలువు, మీద ఒక అడ్డం. మళ్లీ నాలుగు, మళ్లీ అడ్డం. వరసలు వరసలు.

"పాల లెక్క. మీ అవ్వ గీసింది. అద్దసేరుకు ఒక్క గీత. ఆ పాలోడూ పోయిండు, మీ అవ్వా పోయింది." వేలితో చివరి వరస లెక్కపెట్టాడు. "ఇంక మూడు గీతల పైసలు ఇయ్యాలె మేము."

పొద్దు పడమటికి తిరిగింది. గోడ మీదికి ఏటవాలు ఎండ వచ్చేదాకా ఆగుదామన్నాను. ఇంకో కుర్చీ తెప్పించాడు.